గమ్యం చేరిన తరువాత: సుదూర సైకిల్ సవారీ ముగించినవారికి కొత్త లక్ష్యం ఎక్కడ?

గోదావరి డెల్టాలో సైకిలు కొత్త వస్తువు కాదు. మా మొగల్తూరు పరిసరాలలో పాల క్యాను క్యారియరుకు కట్టుకుని పోయే వారికీ, రొయ్యల చెరువు గట్టు మీద మేత వేసి తిరిగి వచ్చే కూలీకీ, బడికి వెళ్ళే పిల్లలకూ అది ఎన్నో తరాలుగా తోడుగా ఉంది. నేల బల్లపరుపుగా ఉంటుంది. ఎక్కవలసిన కొండలు లేవు. శ్రమ పెట్టేది ఒక్క సముద్రపు ఎదురుగాలి. ఇటువంటి నేలలో పుట్టిన పిల్లలు చదువుల కొరకు, ఉద్యోగాల కొరకు హైదరాబాదుకో గల్ఫు దేశాలకో వెళ్ళి, అక్కడ సైకిలును మరో కన్నుతో చూడటం నేర్చుకుంటున్నారు. 100, 200, 600 కిలోమీటర్ల సవారీలకు పూనుకుంటున్నారు. నెలల తరబడి సాధన చేసి, ఒకనాడు అనుకున్న దూరాన్ని పూర్తి చేసి, మెడలో పతకంతో తీసుకున్న ఛాయాచిత్రాన్ని ఇంటికి పంపుతున్నారు.

ఇంతవరకూ అందరికీ సంతోషమే. అయితే ఆ ఛాయాచిత్రం వచ్చిన రెండు మూడు వారాలకు జరిగేదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. తెల్లవారుజామున లేచే అలవాటు తప్పుతుంది. సైకిలు గోడకు ఆనించి ఉండిపోతుంది. టైర్లలో గాలి తగ్గుతుంది. మనిషి ఏదో పోగొట్టుకున్నట్లు కనిపిస్తాడు. "అంత కష్టపడి సాధించావు కదా, ఇంకా ఏమిటి ఈ నీరసం?" అని ఇంటివారు అడిగితే అతని వద్ద జవాబు ఉండదు. ఒక పెద్ద లక్ష్యం నెరవేరిన తరువాత కలిగే ఈ వెలితిని గురించి, దానిని నింపుకునే మార్గాలను గురించి మా పాఠక కుటుంబాలతో మాట్లాడాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

సుదూర సవారీ అంటే ఏమిటి?

ముందుగా ఈ సవారీల సంగతి కొంత తెలుసుకోవాలి. సుదూర సైకిల్ సవారీలకు ప్రపంచమంతటా గుర్తింపు ఉన్న ఒక పద్ధతి ఫ్రాన్సులో రూపుదిద్దుకున్నది. పారిస్ నగరంలోని ఒక పాత సైకిల్ సంఘం, ఆడాక్స్ క్లబ్ పారిసియన్, దీనికి నియమాలు ఏర్పరచింది. ఈ పద్ధతిలో పాల్గొనేవారిని రాండనర్లు అంటారు. ఇది పందెం కాదు. మొదట ఎవరు వచ్చారన్న లెక్క ఉండదు. నిర్ణీత సమయంలోగా దూరం పూర్తి చేసిన వారందరూ సమానమే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400 కిలోమీటర్లకు 27 గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. ఈ నాలుగింటినీ ఒకే ఏడాది కాలంలో ముగించినవారికి 'సూపర్ రాండనర్' అన్న గుర్తింపు లభిస్తుంది. మార్గమధ్యంలో తనకు కావలసిన ఆహారం, నీరు, మరమ్మతు అన్నీ సవారీ చేసేవారే చూసుకోవాలి.

దీనికి శిఖరం వంటిది పారిస్ నుండి బ్రెస్ట్ పట్టణానికి వెళ్ళి తిరిగి పారిస్ చేరే 1200 కిలోమీటర్ల యాత్ర. దీనిని మొదట 1891లో పందెంగా నిర్వహించారు. ఇప్పుడు నాలుగేళ్ళకు ఒకసారి జరుగుతున్నది. గరిష్ఠ గడువు 90 గంటలు. మన దేశం నుండి కూడా ప్రతిసారీ పలువురు వెళుతున్నారు. హైదరాబాదు వంటి నగరాలలో ఇటువంటి సవారీలు నిర్వహించే సంఘాలు ఉన్నాయి.

మొగల్తూరు వారికి ఈ దూరాలు అర్థం కావాలంటే ఒక లెక్క చెబుతాము. ఇక్కడి నుండి నరసాపురం, పాలకొల్లు మీదుగా రాజమహేంద్రవరం చేరి, గోదావరిని చూసి, తిరిగి ఇల్లు చేరితే ఇంచుమించు 200 కిలోమీటర్లు అవుతుంది. ఒక్క పగలులో అది పూర్తి చేయడానికి బలమైన కాళ్ళు మాత్రమే చాలవు. కనీసం మూడు నాలుగు నెలల క్రమశిక్షణ కావాలి. నిద్రవేళ, ఆహారం, సెలవు దినాలు, స్నేహితుల కలయికలు అన్నీ ఆ ఒక్క దినం చుట్టూ అమర్చుకోవలసి ఉంటుంది.

ఈ వెలితి ఎందుకు?

నెలల పాటు ప్రతి ఉదయానికీ ఒక అర్థం ఉంటుంది. ఈరోజు 40 కిలోమీటర్లు, ఆదివారం 100 కిలోమీటర్లు అన్న లెక్క మనసును నడిపిస్తుంది. గమ్యం చేరిన మరునాడు ఆ లెక్క ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ మనిషిని నిద్రలేపిన ప్రశ్నకు జవాబు దొరికింది. కొత్త ప్రశ్న ఇంకా పుట్టలేదు. వెలితికి మూలం ఇదే.

ఇది సైకిలు తొక్కేవారికి మాత్రమే కలిగేది కాదు. ఒలింపిక్ క్రీడల నుండి తిరిగి వచ్చిన క్రీడాకారులు తమకు కలిగిన శూన్యాన్ని గురించి బహిరంగంగా చెప్పుకున్నారు. అత్యధిక ఒలింపిక్ పతకాలు గెలిచిన అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ సైతం క్రీడలు ముగిసిన ప్రతిసారీ తాను కుంగుబాటుకు లోనైనట్లు దాచకుండా చెప్పారు. అన్ని పతకాలు మెడలో వేసుకున్న మనిషికే అలా జరిగితే, ఒక సవారీ ముగించిన మన పిల్లవాడు నీరసించడంలో ఆశ్చర్యం లేదు. అది సోమరితనం కాదు. కృతజ్ఞత లేకపోవడమూ కాదు.

మన ఇళ్ళలో దీనికి దగ్గరి అనుభవం ప్రతి ఏటా ఎదురవుతుంది. రమజాన్ నెలంతా సహరీతో మొదలై తరావీహ్‌తో ముగిసే దినచర్య ఇంటిల్లిపాదినీ ఒక తాటిపై నడిపిస్తుంది. పండుగ వెళ్ళిన రెండవ రోజున ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయినట్లు తోస్తుంది. ఆ తరువాతి షవ్వాల్ నెలలో ఆరు ఉపవాసాలు పాటించే సంప్రదాయం మనకు ఉన్నది. పెద్ద శ్రమ ముగిసిన వెంటనే, దానికంటే చిన్నదైన మరొక శ్రమను, తేలికగా అందుకోగల శ్రమను ముందుంచే ఏర్పాటు అది. ఖుర్ఆన్‌లోని 94వ సూరా అయిన అష్-షర్హ్ చివరి వాక్యాల సారాంశం కూడా ఇదే దిశను చూపుతుంది. ఒక పని నుండి తీరిక దొరికినవాడు మళ్ళీ శ్రమకు పూనుకోవాలనీ, తన ఆసక్తిని ప్రభువు వైపు మరల్చుకోవాలనీ అందులోని బోధ. సాధనకు అలవాటు పడిన మనిషికి ఖాళీ ఎంత భారమో ఎరిగిన మాట అది.

ముందుగా విశ్రాంతి

కొత్త లక్ష్యం అనగానే మరునాడే దాని వెంట పరుగెత్తమని మా భావం కాదు. సుదూర సవారీ శరీరాన్ని లోతుగా అలసింపజేస్తుంది. కండరాలలో నిలువ ఉండే శక్తి మంచి ఆహారంతో ఒకటి రెండు రోజులలో తిరిగి చేరుతుంది. కాని కండరాల నొప్పి, నిద్రలేమి, అరచేతుల తిమ్మిరి అంత త్వరగా పోవు. హ్యాండిలుపై గంటల తరబడి భారం మోపినవారికి ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారుతాయి. కొందరికి అది తగ్గడానికి వారాలు పడుతుంది. తగ్గకపోతే వైద్యునికి చూపించాలి.

మొదటి వారం పూర్తి విశ్రాంతి, తేలికపాటి నడక. రెండవ వారం అరగంటకు మించని నెమ్మదైన సవారీ. ఇంతకంటే ఎక్కువ అవసరం లేదు. అలాగని నెలల తరబడి మానివేయడమూ తగదు. సాధన పూర్తిగా ఆపితే రెండు మూడు వారాలలోనే గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గడం మొదలవుతుంది. అందుచేత విశ్రాంతికి కూడా ఒక గడువు పెట్టుకోవాలి. "ఫలానా తేదీ వరకు ఏమీ నిర్ణయించను, ఆ తేదీన కూర్చుని ఆలోచిస్తాను" అని ఇంటివారికి చెప్పి ఉంచడం మంచి పద్ధతి.

ఇంటివారి బాకీ

ఆ ఆలోచన దినం వచ్చినప్పుడు మొదట లెక్క చూడవలసింది దూరాన్ని కాదు, ఇంటివారి బాకీని. 200 కిలోమీటర్ల సవారీకి ఒక్కరే పేరు నమోదు చేసుకుంటారు. కాని దాన్ని మోసేది ఇల్లంతా. తెల్లవారుజామున లేచి టిఫిను డబ్బా సర్దేది భార్యో తల్లో. ఆదివారం నాడు పిల్లల చదువు చూసేది మరొకరు. మామయ్య ఇంటి పెళ్ళి మాటలకు రాలేకపోయినందుకు సర్దిచెప్పేది ఇంకొకరు. రాత్రి పదకొండు దాటినా కొడుకు ఇంకా రహదారిపైనే ఉన్నాడని తెలిసి జానిమాజ్‌పై కూర్చుండిపోయే అమ్మీని గురించి చెప్పనక్కరలేదు. లారీలు తిరిగే రహదారి సంగతి ఆమెకు బాగా తెలుసు.

కాబట్టి గమ్యం చేరినవారు తీసుకోదగిన మొదటి లక్ష్యం ఇంటిలోనే ఉన్నదని మా అభిప్రాయం. సాధన కొరకు వారానికి పది గంటలు కేటాయించగలిగిన మనిషి, ఆ పది గంటలలో సగం కొంతకాలం ఇంటికి ఇవ్వగలడు. తనయుడికి సైకిలు నేర్పవచ్చు. మధుమేహంతో బాధపడే అబ్బాను ప్రతి ఉదయం కాలువ గట్టు వెంట నడిపించవచ్చు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట. 600 కిలోమీటర్లు తొక్కిన కొడుకు ఇంట్లో ఉండి, తండ్రి ఆ అరగంటకు కూడా నోచుకోకపోతే, సాధన ఫలం ఒక్కరి దగ్గరే ఆగిపోయినట్లు కాదా?

ఈ బాకీని కూడా సవారీ లెక్కగా వ్రాసుకోవచ్చు. దూరాన్ని నమోదు చేసిన పుస్తకంలోనే అబ్బా నడిచిన రోజులనూ, ఆయన రక్తంలోని చక్కెర పరీక్ష ఫలితాలనూ వ్రాసిపెట్టండి. మూడు నెలల తరువాత ఆ పుటలు తిరగేస్తే ఏది పెద్ద విజయమో మీకే తెలుస్తుంది.

తాను గెలిచాక, తోటివారి కొరకు

తన కొరకు మొదలుపెట్టిన సవారీని ఇతరుల కొరకు కొనసాగించినవారు తెలుగు నేలపైనే ఉన్నారు. హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతా 2006లో రహదారి ప్రమాదానికి గురై కుడి కాలును కోల్పోయారు. అప్పటికి ఆయన బట్టల వ్యాపారంలో ఉన్న యువకుడు. కృత్రిమ పాదంతో సైకిలు ఎక్కడం నేర్చుకున్నారు. మొదట్లో తూలిపడటం, కృత్రిమ అవయవం ఒరుసుకుని పుండ్లు పడటం మామూలే. ఆయన ఆగలేదు. 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీలలో రెండు రజత పతకాలు గెలిచారు. లండన్ నుండి పారిస్ వరకు తొక్కారు. కశ్మీరు నుండి కన్యాకుమారి వరకు తొక్కారు.

అంతటితో ఆగి ఉంటే అది ఒక మనిషి విజయగాథ మాత్రమే అయ్యేది. కాని ఆయన అదే 2013లో తన పేరుతో ఒక ఫౌండేషను స్థాపించి, అవయవ లోపం ఉన్న యువతీయువకులను క్రీడాకారులుగా తీర్చిదిద్దే పనికి పూనుకున్నారు. కృత్రిమ అవయవాలు, క్రీడా సైకిళ్ళు సామాన్యుడు కొనగలిగే వస్తువులు కావు. వాటికి కావలసిన నిధులు సేకరించడానికి ఆయన ఎన్నుకున్న మార్గం మళ్ళీ సుదూర సవారీయే. 'ఇన్ఫినిటీ రైడ్' పేరుతో అవయవ లోపం ఉన్నవారూ, లేనివారూ కలిసి సవారీ చేస్తారు. విధి నిర్వహణలో కాళ్ళు, చేతులు కోల్పోయిన సరిహద్దు భద్రతా దళం వంటి సాయుధ బలగాల జవాన్లకు కూడా ఆ సంస్థ శిక్షణ ఇచ్చింది. కిలోమీటర్ల లెక్క మారలేదు. ఆ కిలోమీటర్లు ఎవరి కొరకు అన్నది మారింది.

ఆ శ్రమ ఫలించిన ఒక పేరు మన పాఠకులు గుర్తుపెట్టుకోదగినది. నంద్యాలకు చెందిన షేక్ అర్షద్ ప్రమాదంలో కాలు కోల్పోయిన యువకుడు. ఈ ఫౌండేషను ప్రోత్సాహంతో పారా సైక్లింగులో ఎదిగి, 2024లో పారిస్‌లో జరిగిన పారాలింపిక్ క్రీడలలో భారతదేశం తరపున పోటీపడ్డారు. మహారాష్ట్రకు చెందిన జ్యోతి గడేరియా ఆయనకు సహక్రీడాకారిణి. పారాలింపిక్ సైక్లింగులో మన దేశం పాల్గొనడం అదే మొదటిసారి. పతకం రాలేదు. అయినా ఇంతవరకు తెరుచుకోని తలుపు ఒకటి తెరుచుకున్నది. ఒకరి సవారీ ముగిసిన చోట మరొకరి సవారీ మొదలు కావడమంటే ఇదే.

కాబూలు వీధుల నుండి

మరొక ఉదాహరణ అఫ్ఘానిస్తాన్ నుండి చెబుతాము. మసూమా అలీజాదా అనే యువతి కాబూలులో మహిళా సైకిల్ జట్టు సభ్యురాలిగా సాధన చేసేవారు. ఆడపిల్లలు సైకిలు తొక్కడాన్ని సహించలేనివారు రాళ్ళు రువ్విన వీధులవి. తరువాత ఆమె కుటుంబంతో ఫ్రాన్సులో ఆశ్రయం పొందారు. అక్కడ సివిల్ ఇంజనీరింగు చదువుతూనే సాధన కొనసాగించి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు తరపున సైకిల్ పోటీలో పాల్గొన్నారు. తల కప్పుకునే పోటీపడ్డారు. పోటీ ఫలితాల పట్టికలో ఆమె పేరు చివరన ఉన్నది.

ఒలింపిక్స్‌కు చేరడమే లక్ష్యమైతే అది నెరవేరింది. చివరి స్థానంతో ఆమె కథ ముగిసిపోవచ్చు కూడా. కాని 2024 పారిస్ ఒలింపిక్స్‌కు అదే శరణార్థుల జట్టుకు నాయకత్వ బాధ్యత ఆమెకు అప్పగించారు. 37 మంది క్రీడాకారుల ప్రతినిధిగా ఆమె నిలిచారు. ఫలితాల పట్టికలో చివరన ఉన్న మనిషి, తనవంటి నిరాశ్రయులకు ముందు నడిచే మనిషి అయ్యారు. మన ఇళ్ళలోని ఆడపిల్లలకు ఈ కథ తప్పక చెప్పాలి. చెప్పేటప్పుడు మగపిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి.

చూసినదానిని వ్రాసిపెట్టినవారు

సైకిలు దిగాక కలం పట్టినవారూ ఉన్నారు. 1923లో బొంబాయి నుండి కొందరు పార్సీ యువకులు సైకిళ్ళపై ప్రపంచ యాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు 1928లో యాత్ర పూర్తి చేసి తిరిగి వచ్చారు. దాదాపు 71,000 కిలోమీటర్లు తొక్కారు. ఇరాన్, ఇరాక్, సిరియా ఎడారుల గుండా, ఐరోపా, అమెరికా, జపాను, చైనాల మీదుగా వారి దారి సాగింది. తిరిగి వచ్చాక తమ అనుభవాలను గ్రంథంగా వెలువరించారు. బెంగాలుకు చెందిన రామనాథ్ బిశ్వాస్ 1931లో సింగపూరు నుండి సైకిలుపై బయలుదేరి ఎన్నో దేశాలు చుట్టివచ్చి, బెంగాలీలో అనేక యాత్రాగ్రంథాలు వ్రాశారు. వారు తొక్కిన సైకిళ్ళు ఇప్పుడు ఎక్కడున్నా, వారు వ్రాసిన పుటల వల్లనే ఆ దారులు మనకు తెలిశాయి.

మన ప్రాంతంలో వ్రాయదగినవి తక్కువ లేవు. కాటన్ దొర కాలంలో ధవళేశ్వరం ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువలు ఏ ఊరిలో ఏ పేరుతో పిలవబడుతున్నాయి? పేరుపాలెం తీరాన ఇసుక ఎంత వెనుకకు జరిగింది? వరి చేలు చేపల చెరువులైన గ్రామాలలో మంచినీటి పరిస్థితి ఏమిటి? పాత మస్జిదులు, దర్గాలు, ఖబరస్తానుల గురించి ఊరి పెద్దలకు గుర్తున్న సంగతులేమిటి? కారులో పోయేవారికి ఇవి కనిపించవు. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పోయే మనిషికి ఆగి అడగడానికి వీలుంటుంది. వారానికి ఒక ఊరు చొప్పున తిరిగి, ఒక నోటు పుస్తకంలో వ్రాసిపెట్టినా ఏడాదికి యాభై ఊళ్ళ చరిత్ర చేతికి వస్తుంది.

మరింత దూరం తప్పా?

ఇంతకంటే పెద్ద దూరాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం తప్పని మేము అనడం లేదు. స్కాట్లండుకు చెందిన మార్క్ బోమాంట్ 2008లో 194 రోజులలో భూమిని చుట్టివచ్చారు. తొమ్మిదేళ్ళ తరువాత, 2017లో అదే పనిని 79 రోజులలోపే పూర్తి చేశారు. నాగపూరుకు చెందిన వైద్యుడు అమిత్ సమర్థ్ 2017లో అమెరికాను అడ్డంగా దాటే సుమారు 4,800 కిలోమీటర్ల పోటీని ఒంటరిగా ముగించి, మరుసటి ఏడాది రష్యాలో మాస్కో నుండి వ్లాదివొస్తోక్ వరకు సాగే 9,100 కిలోమీటర్ల పోటీని పూర్తి చేశారు. ఇటువంటివారికి దూరమే వృత్తి, దూరమే జీవితం.

సామాన్య గృహస్థు దూరాన్ని పెంచుకోవాలనుకుంటే మూడు సంగతులు చూసుకోవాలి. మొదటిది, ఖర్చు. మంచి సైకిలు, టైర్లు, దీపాలు, ప్రయాణాలు కలిపితే చిన్న మొత్తం కాదు. అప్పు చేసి సవారీ చేయడం మన పద్ధతి కాదు. రెండవది, ఇంటివారి సమ్మతి. అది మొహమాటానికి ఇచ్చినది కాకుండా మనస్ఫూర్తిగా ఇచ్చినదై ఉండాలి. మూడవది, రహదారి భద్రత. మన జాతీయ రహదారులపై రాత్రివేళ సైకిలు తొక్కడం నిజంగా ప్రమాదకరం. హెల్మెట్, ముందు వెనుక దీపాలు, వెలుగును ప్రతిఫలించే చొక్కా లేకుండా తెల్లవారకముందు రోడ్డెక్కరాదు. ఈ మూడూ సమకూరితే వెళ్ళండి, మా దుఆలు మీ వెంట ఉంటాయి. సమకూరకపోతే, తొక్కిన దూరం తక్కువదేమీ కాదని గుర్తించి మరో దిక్కుకు చూడండి.

గోడకు ఆనించిన సైకిళ్ళు

ఆ మరో దిక్కు మన వీధిలోనే ఉన్నది. మన రాష్ట్రంలో కొన్నేళ్ళ క్రితం 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచారు. ఉన్నత పాఠశాల దూరమైనందున చదువు మానివేసే ఆడపిల్లలను నిలబెట్టాలన్నది దాని ఉద్దేశం. ఆ సైకిళ్ళు అందుకున్న అమ్మాయిలు పెద్దవారై వెళ్ళిపోయారు. గొలుసు తుప్పు పట్టి, ట్యూబు చిరిగి, బ్రేకు రబ్బరు అరిగి మూలపడ్డ సైకిలు చాలా ఊళ్ళలో కనిపిస్తుంది. బాగు చేయడానికి అయ్యే ఖర్చు స్వల్పం. బాగు చేసే ఓపిక కావాలి.

సుదూర సవారీ చేసినవారికి ఆ ఓపికా ఉంటుంది, ఆ విద్యా వస్తుంది. నడిరోడ్డుపై, చీకట్లో, వర్షంలో పంక్చరు వేసుకున్నవారు వారు. గొలుసు తెగితే కలిపినవారు. నెలకు రెండు పాత సైకిళ్ళు బాగు చేసి, చుట్టాలలోనో పొరుగునో ఉన్న ఒక ఆడపిల్లకు ఇచ్చి, ఆమెకు తొక్కడం నేర్పే ఏర్పాటు చేయడం ఎంత గొప్ప లక్ష్యమో ఆలోచించండి. నేర్పడం అక్కలో, పిన్నమ్మలో, ఖాలాలో చేస్తే ఆడపిల్లలకు సంకోచం ఉండదు.

సైకిలు స్త్రీల జీవితాన్ని ఎంత మార్చగలదో పొరుగున ఉన్న తమిళనాడు చూపించింది. 1990ల తొలినాళ్ళలో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు స్త్రీలకు సైకిలు నేర్పే ఉద్యమం నడిచింది. అప్పటి జిల్లా కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. వేలాదిగా గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వారిలో ముస్లిం యువతులు కూడా ఎందరో ఉన్నారు. నీళ్ళ బిందె మోయడం, సరుకును సంతకు చేర్చడం, బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్ళడం వంటి పనులకు మరొకరి కొరకు ఎదురుచూడనక్కర లేకపోయింది. మొదట్లో వెక్కిరింపులు వినిపించాయి. కొంతకాలానికి వెక్కిరించినవారి ఇళ్ళలోని స్త్రీలు కూడా సైకిలు ఎక్కారు.

లక్ష్యాన్ని ఎన్నుకునే విధం

ఇన్ని మార్గాలలో ఏది ఎన్నుకోవాలన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. అయినా కొన్ని ప్రశ్నలు సాయపడతాయి. సాధన రోజులలో మీకు నిజంగా సంతోషం ఇచ్చినదేమిటి? తెల్లవారి నిశ్శబ్దమా, తోటివారి సాంగత్యమా, శరీరం బలపడటమా, కొత్త ఊళ్ళు చూడటమా? నిశ్శబ్దం నచ్చినవారు ఫజ్ర్ తరువాత అరగంట సవారీని జీవితాంతం నిలుపుకోవచ్చు. సాంగత్యం నచ్చినవారు కొత్తవారికి తోడుగా వెళ్ళవచ్చు. మొదటిసారి 50 కిలోమీటర్లు తొక్కే కుర్రవానికి పక్కన నడిచే అనుభవశాలి ఉంటే సగం భయం పోతుంది. శరీరబలం నచ్చినవారు ఇంటిల్లిపాదినీ కదిలించవచ్చు. ఊళ్ళు నచ్చినవారు వ్రాసిపెట్టవచ్చు.

లక్ష్యం చిన్నదైనా ఫరవాలేదు, కాని దానికి ఒక కొలత, ఒక గడువు ఉండాలి. "ఇకపై సైకిలు ఎక్కువగా తొక్కుతాను" అన్నది కోరిక మాత్రమే. "వచ్చే మూడు నెలలు బజారు పనులన్నీ సైకిలుపైనే చేస్తాను" అన్నది లక్ష్యం. తక్కువైనా క్రమం తప్పని పనియే అల్లాహ్‌కు ప్రియమైనదన్న బోధను మనం చిన్ననాటి నుండి వింటూ వచ్చాము. ఒక్క రోజున 200 కిలోమీటర్లు తొక్కి చూపినవారికి, రోజూ నాలుగు కిలోమీటర్లు ఏడాదంతా తొక్కడం మరింత కష్టమైన పరీక్ష కావచ్చు. అక్కడ చప్పట్లు ఉండవు, పతకం ఉండదు.

మా నరసాపురం ప్రాంతపు లేసు అల్లే స్త్రీలను చూడండి. ఒక అల్లిక పూర్తయితే దానిని మడిచి పక్కన పెట్టి, దారపు ఉండ అందుకుని కొత్త అల్లికకు మొదటి ముడి వేస్తారు. పూర్తయినదానిని చూసి మురిసిపోవడానికి కాస్త సమయం ఉంటుంది, కాని చేయి ఖాళీగా ఉండదు.

మీ ఇంట ఎవరైనా పెద్ద సవారీ ముగించి, ఈ వెలితిలో ఉన్నారా? వారిని మందలించకండి, తొందరపెట్టకండి. రెండు వారాలు గడిచాక, ఒక సాయంత్రం తేనీటి వేళ పక్కన కూర్చుని, "సాధన రోజులలో నీకు అన్నిటికంటే నచ్చినదేమిటి?" అని అడగండి. చెప్పేది ఓపికగా వినండి. ఆ తరువాత, గోడకు ఆనించి ఉన్న సైకిలుకు గాలి కొట్టి, ఇంటిలోని చిన్నవారిలో ఒకరిని క్యారియరుపై కూర్చోబెట్టి కాలువ గట్టు దాకా వెళ్ళి రమ్మనండి.